టోంటి సాయిలు అనే పేరు

"నల్లా బంద్ చేసినవా?" అని అడిగాడు మా ఆయన.

"చేసిన. నువ్వు పండుకో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాట అదే. నేను పెరట్లో తీగ మీది బట్టలు తేవడానికి పోయాను. మబ్బు పట్టి ఉంది, జల్లు పడేలా ఉంది. తిరిగి వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జావ చల్లారిపోతుందని రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవలేదు, చెయ్యి పట్టుకుని చూశాను. తర్వాత వచ్చినవాళ్లంతా ఆఖరికి ఏమన్నాడు, దేవుణ్ణి తలచుకున్నాడా, నీకేమైనా చెప్పిపోయాడా అని అడిగారు. ఏమీ అనలేదని చెప్పాను. యాభై ఏళ్లకు పైగా కాపురం చేసిన మనిషి నల్లా సంగతి అడిగి పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. అదీగాక అలాంటి ప్రశ్నకే నేను ఒకప్పుడు ఆయనకు అబద్ధం చెప్పి ఉన్నాను. ఈసారి చెప్పింది నిజమే. నల్లా నిజంగానే కట్టేశాను. నమ్మాడో లేదో తెలియదు.

పదకొండో రోజు దినం పెట్టాం. టెంటు కింద మగవాళ్లు కల్లు తాగుతూ కూర్చున్నారు. చావింట్లోనూ నవ్వు వస్తుంది, అది తప్పని నేను అనను. మా ఆయన ఉంటే ఆయనే ముందు నవ్వేవాడు. కానీ వాళ్లు నవ్వింది ఆ పాత కథకు. మా ఆడబిడ్డ కొడుకు, నెత్తి నెరిసినవాడు, కొత్తగా వచ్చిన అల్లుళ్లకు చెబుతున్నాడు. "మా మామను టోంటి సాయిలు అంటరు. ఎందుకంటవా? పాయిఖానా తొట్టి టోంటి ఇప్పిపెట్టి, పోచమ్మకు బోనాలు పోయే తొవ్వంత ఖరాబు చేసిండు. అమ్మకు గసొంటి సాంపి ఎవ్వడు సల్లలె." అందరూ నవ్వారు. నేను లోపల గోడకు ఆనుకుని కూర్చుని విన్నాను. ఈ కథను పెళ్లిళ్లలో విన్నాను, పురుళ్లలో విన్నాను, ఆయన పక్కన కూర్చుని విన్నాను. ఆయన తల గోక్కుంటూ నవ్వేవాడు. నేను లేచి ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయేదాన్ని. ఈసారి పోవడానికి లోపల కంటే లోపల ఇంకేమీ లేదు.

టోంటి విప్పింది ఆయన కాదు. నేను.

ఈ మాట నా నోటితో నలుగురి ముందు చెప్పలేను. అందుకే మా మరిది కూతురు సువర్ణను పిలిచాను. మండలాఫీసులో కాగితాలు రాసే కొలువు ఆమెది. నాకు అక్షరాలు సగం వచ్చు, సంతకం వచ్చు, అంతే. ఆదివారాలు వచ్చి మంచం అంచున కూర్చుని పొడుగు నోటుబుక్కులో రాసుకుంటుంది. "నా మాట యాసతో రాయకు, పుస్తకాల్లో ఉన్నట్టు రాయి, అర్థం మాత్రం మార్చకు" అన్నాను. పాయిఖానా మాట వచ్చినప్పుడల్లా ఆమె పెన్ను ఆగుతుంది. "పెద్దమ్మా, గిది గుడ రాయాల్నా?" అంటుంది. "గదే రాయాలె" అంటాను. ఏడాది మాసికానికి ఆ నవ్వినవాళ్లంతా మళ్లీ వస్తారు. అప్పటికి ఇది రాసి ఉండాలి, సువర్ణ చదవాలి, వాళ్లు వినాలి.

మా ఆయన రోడ్డు రోలర్ డ్రైవరు. ఇప్పటి రోలర్ కాదు, ఆవిరితో నడిచేది. ముందు పెద్ద ఇనుప గుండు, నడుమ బాయిలరు, దాని మీద పొగగొట్టం. తెల్లవారకముందే కింద మంట పెడితే పొద్దెక్కాక గానీ కదిలేది కాదు. కంకర పరిచి, మీద మొరం పోసి, నీళ్లు చల్లి, దాన్ని ముందుకూ వెనక్కూ తొక్కించడం ఆయన పని. రోజంతా నడిచి నడిచి రెండు ఫర్లాంగులు పోతే గొప్ప. దేవరకొండ చుట్టుపక్కల మొదలుపెట్టి, మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఆత్మకూర్ వైపు దాకా, ఇవాళ బస్సులో కునుకు తీస్తూ పోయే రోడ్లు చాలా వరకు ఆయన గుండు కింద అణిగినవే. ఆయన ఒంటికి ఎప్పుడూ బొగ్గు, వేడి నూనె, తడిసిన మొరం కలిసిన వాసన. కుంకుడుకాయతో రుద్దినా పోయేది కాదు. పోకూడదనే నేను గట్టిగా రుద్దేదాన్ని కాదు.

పెళ్లయ్యాక మూడేళ్లు నేను కేతేపల్లిలో అత్తవారింట్లో, ఆయన రోడ్ల మీద. పండక్కో జాతరకో వచ్చి రెండు పూటలుండి పోయేవాడు. ఆ మూడేళ్లలో నాకు కడుపు రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి గానీ రాకపోతే ఆశ్చర్యమేముంది. కానీ ఊళ్లో ఆడవాళ్లు ఆయన రాని రోజులు చూడరు కదా, నా కడుపే చూస్తారు. ఒకసారి వచ్చినప్పుడు ఆయనే అడిగాడు. "డబ్బా ఒకటి దొరికింది. ఒస్తవా నాతోటి?" డబ్బా ఏమిటని కూడా అడగలేదు, బట్టలు మూట కట్టాను.

అది చక్రాల మీద నిలబెట్టిన రేకుల గది. రెండు మంచాల పొడవు, ఒక మంచం వెడల్పు. పాతకాలంలో ఎవరో ఇంజనీరు దొర సర్వేకు తిరగడానికి చేయించుకున్నదట. దొర పోయాక ఆఫీసు వెనక జాగాలో పడి ఉంటే కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. మిగతా డ్రైవర్లెవరూ దాన్ని ముట్టలేదు, ఎందుకంటే లోపల పాయిఖానా ఉంది. ఒక మూల రేకు తలుపు, తలుపు వెనక పీట, పీట కింద ఇనుప తొట్టి. గిన్నెలు కడిగిన నీళ్లూ స్నానం నీళ్లూ ఒక గొట్టంలో నుంచి ఆ తొట్టిలోకే పోయేవి. తొట్టి డబ్బా అడుగున బయటికి వేలాడుతూ ఉండేది. దాని మూతి దగ్గర ఇత్తడి టోంటి, నల్లాలాగా పిడి తిప్పితే తెరుచుకునేది. దాన్ని మేం మైలతొట్టి అనేవాళ్లం. వండుకునే చోటికీ దానికీ నడుమ నాలుగడుగులు. తెలిసి తెలిసి ఎవరుంటారు. కానీ నేను కొత్త ఊళ్లలో, ఎవరి చేను ఎవరిదో తెలియని చోట, చీకట్లో చెంబు పట్టుకుని చాటు వెతుక్కోవాల్సిన పని లేకుండా పోయింది. నాకు ఆ రేకు తలుపు రాజుల కోట తలుపులాగా ఉండేది.

మొదటిరోజే ఓవర్సీరు వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. "సూడు సాయిలు, సర్కారు డబ్బాల ఆడమనిషి ఉండొద్దని కాయిదా. నేను సూడనట్టే ఉంట. కానీ ఒక్క సుక్క మైల రోడ్డు మీద పడ్డదని నా చెవుల పడ్డనాడు ఆమె ఇంటికి పోతది. మల్ల బతిమిలాడితే ఇనను" అన్నాడు. మా ఆయన తల ఊపాడు. నేను తలుపు వెనక నుంచి ఊపాను. నేను ఆయన దగ్గర ఉండటమంతా ఆ తొట్టి మీద ఆధారపడి ఉందని ఆ రోజే అర్థమైంది.

అందుకని ఆయన నాకు దాని మర్మాలన్నీ నేర్పాడు. డబ్బా ఆగిన చోట ముందు ఆయన టోంటి కిందికి వచ్చేలా గుంత తవ్వేవాడు, బావికి దూరంగా, పల్లం వైపు. ఆ మొరం నేలలో మోకాలిలోతు తవ్వాలంటే గడ్డపార మొన వంగేది. తొట్టి ఎంత నిండిందో చూడటానికి బోల్టులు బిగించే పానాతో కొట్టేవాడు. ఖాళీగా ఉంటే ఖంగుమనేది, నిండిన చోట దబ్బుమనేది. నేను పానా లేకుండా వేలి కణుపులతోనే కనిపెట్టడం నేర్చుకున్నాను, మా అమ్మ జొన్నల కాగును తట్టి చూసినట్టు. జుట్టు వేయొద్దు, గంజి పోయొద్దు, గిన్నెలు తోమిన బూడిద అసలే వద్దు, కింద పేరుకుంటుంది. నిండిన తొట్టితో బండి కదపొద్దు. ఖాళీ చేయగానే రెండు బిందెల మంచినీళ్లు పోసి పెట్టాలి. ఇవన్నీ ఒక ఎత్తు, టోంటి ఒక ఎత్తు.

"టోంటి ఎప్పటికి బంద్ ఉండాలె" అనేవాడు. "నిండినంక ఒక్కపారి ఇప్పాలె. నీళ్లు, మైల కలిసి దుంకాలె. సుక్క సుక్క ఇడిస్తే ఏమైతది? చాయ వడవోసినట్టే. చాయ పోతది, చాయపత్తి మిగులుతది."

నేను నవ్వాను. "నీకు ఇగ చాయ పొయ్య."

మాది దేవరకొండ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. మా బాపు మంద ఏ చేనులో రాత్రి పడుకుంటే ఆ చేనాయన తెల్లారి గింజలు కొలిచేవాడు, మా పెంటకు అంత విలువ. "ఈ ఏడు మా చేన్ల పండుకోబెట్టు మల్లయ్యా" అని ముందే వచ్చి అడిగిపోయేవాళ్లు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, మా ఇద్దరి మైలను దొంగసొత్తులాగా గుంతలో పాతిపెట్టుకుంటూ ఊరూరూ తిరిగాను. ఆ గుంతల మీద తర్వాత పొదలు ఎంత ఏపుగా వచ్చేవో, తిరుగుదారిలో చూసి నేనొక్కదాన్నే గుర్తుపట్టేదాన్ని.

పగలంతా ఒక్కదాన్నే. పొద్దున జొన్నరొట్టెలు కాల్చి ఇస్తే ఆయన పోయేవాడు. రోలరు కళ్లకు కనిపిస్తూనే ఉండేది, ఫర్లాంగు దూరంలో పొగ కక్కుతూ, ముందుకూ వెనక్కూ. ఆ చప్పుడు ఆగితే బీడీ తాగుతున్నాడనుకునేదాన్ని, మొదలైతే లేచాడనుకునేదాన్ని. అదే మాకు మాట్లాడుకోవడం. ఎండాకాలం రేకులు కాలి డబ్బా లోపల కూర్చోలేక, కింద చక్రాల నీడలో కూర్చునేదాన్ని, తొట్టి నెత్తి మీద ఉండేది. పక్క ఊరి ఆడవాళ్లు చూడటానికి వచ్చేవాళ్లు. డబ్బా చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, ముక్కు మీద వేలేసుకునేవాళ్లు. "గీడనే వండుతరా, గీడనే కూసుంటరా" అని ఒకామె అడిగింది. మంచినీళ్లు తాగమంటే ఒక్కరూ ముట్టలేదు. ఎండలో అంత దూరం నడిచి వచ్చి, దాహంతోనే తిరిగి పోయేవాళ్లు. రెండు వానాకాలాల్లో నా చేతి నీళ్లు తాగింది ఒక్కతే, కంకర కొట్టే మరియమ్మ.

మరియమ్మ నాకంటే పదేళ్లు పెద్ద. నలుగురు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి రోడ్డు పని వెంబడి వచ్చింది. మధ్యాహ్నం సద్ది తినడానికి మా చక్రాల నీడకు వచ్చి, చెంబు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని అనేది: "ఏం లచ్చవ్వా, మీ ఆయన పొద్దంత గా గుండునే తుడుస్తుండు, నిన్ను ఎప్పుడన్న గంత ముద్దుగ సూసిండా?" ఆ మాటలకు సిగ్గుపడుతూనే ఆమె కోసం ఎదురుచూసేదాన్ని. ఆమె రాని రోజు నేను ఎవరితోనూ మాట్లాడని రోజు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటి వెనక స్నానాలు చేసి గిన్నెలు కడుక్కునే చోటును మేము జాలారి అంటాం. దాని నీళ్లు బయటికి పోవడానికి గోడలో తూము ఉంటుంది. మా అవ్వ, బాపు తల్లి, ఆ తూము దగ్గర ఆకు అడ్డం పడినా లేచి తీసేది. "జాలారి మూసిన ఇంట్ల కోడలు నీళ్లోసుకోదు" అనేది. నీళ్లోసుకోవడమంటే కడుపుతో ఉండటం. చిన్నప్పుడు ఆ మాట నా చెవిలో పడి మిగిలిపోయింది. డబ్బాలోకి వచ్చి ఏడాది దాటింది, ఆయన పక్కనే ఉన్నాను, అయినా నెల నెలా అదే. ఒక రోజు చక్రాల నీడలో కూర్చుని తల ఎత్తితే టోంటి కనిపించింది. గట్టిగా బిగించి ఉంది. రోజులకు రోజులు మూసే ఉంటుంది. నా ఇంటికి ఉన్న ఒక్క తూమూ మూసిపెట్టుకుని నేను పిల్లల కోసం మొక్కుతున్నానని అప్పుడు తోచింది. 

ఆయన రోలరు మీద ఉండగా లేచి టోంటి కొంచెం విప్పాను. సన్నగా, చుక్కలు చుక్కలుగా కారేంత. కింద గుంత ఉంది కాబట్టి ఎక్కడా చెమ్మ కనిపించదు. పైన గడ్డి వేశాను. శుక్రవారం స్నానం చేసి పసుపు దారం తెచ్చి టోంటి పిడికి, పక్కనున్న ఇనుప కడ్డీకి కలిపి ముడి వేశాను, మళ్లీ మూసుకుపోకుండా. దేవుడికి ముడుపు కట్టినట్టే కట్టాను. తొట్టి చూసుకోవడం, ఖాళీ చేయడం నా పనే కాబట్టి ఆయన ఆ వైపు రాడు. గుంత తవ్వడం వరకే ఆయన పని.

మరియమ్మ కన్ను పడింది. "లచ్చవ్వా, టోంటి కారుతాంది సూడు."

"కారనియ్ అక్కా."

"ఎందుకు కారనియ్యాలె?"

చెప్పాను. ఆమె రొట్టెముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నా గుడిసెకు జాలారే లేదు, తూమే లేదు. నలుగురు పుట్టిన్రు. వాళ్లు ఎందులకెళ్లి ఒచ్చిన్రంటవ్?"

"ఎక్కిరించకక్కా."

"ఎక్కిరిస్తలేను బిడ్డా. తొట్టి తొట్టే, కడుపు కడుపే. నీళ్లన్ని పోతే గట్టిది గట్టిగనే ఉంటది. పెంటకుప్ప సూడలేదా, వాన పడకుంటే పారకు గుడ రాదు. మీ ఆయనకు చెప్పు."

ఆయనకు చెప్పడమంటే కడుపు గురించి చెప్పడం. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఎవరిలో లోపమో అనే మాట వస్తుందని నాకు భయం, ఆయనకూ భయమే కావచ్చు. చెప్పలేదు. మరియమ్మ గుంపు ఇంకో రోడ్డు పనికి పోయింది. నాకు ఆ మాట గుర్తు చేసేవాళ్లు కూడా లేకుండా పోయారు.

శ్రావణంలో డబ్బా కదపాల్సి వచ్చింది. ఆత్మకూర్ వైపు రోడ్డులో ఒక ఊరు దాటి అవతల పని. కదిలే ముందురోజు ఖాళీ చేద్దామని దారం విప్పి టోంటి పూర్తిగా తిప్పాను. ఏమీ రాలేదు. వేలితో తట్టి చూశాను. సగానికి పైగా దబ్బుమంది. లోపల పుట్ట పెరిగినట్టు పెరిగింది. నీళ్లన్నీ నేను వదిలేశాను, మైల మిగిలిపోయింది, ఆయన చెప్పిన చాయపత్తిలాగా. భయపడి పైనుంచి ఆరు బిందెల నీళ్లు పోశాను, నానితే వస్తుందని. రాలేదు. కర్రతో పొడిచాను. రాలేదు. టోంటి మూద్దామంటే మూతిలో ఏదో ఇరుక్కుని పిడి తిరగలేదు. పాత గుడ్డ చుట్టి, ఆ పసుపు దారంతోనే గుడ్డను బిగించి కట్టాను. అంటే పూర్తిగా నిండిన తొట్టి, మూయని టోంటి, ఒక గుడ్డ. మొదటి రెండూ ఆయన చేయొద్దన్నవే.

తెల్లారి రోలరుకు డబ్బా తగిలించి వచ్చి ఆయన అడిగాడు. "ఖాళీ చేసినవా? టోంటి బంద్ చేసినవా?"

"చేసిన" అన్నాను.

చేయలేదంటే ఎందుకని అడుగుతాడు. అందుకని చేశానన్నాను. ఆయన మళ్లీ అడగలేదు, వంగి చూడలేదు. నా మాట మీద నమ్మకం.

ఆ ఊళ్లో ఆ రోజు పోచమ్మకు బోనాలు. మాకు తెలియదు. ఆడవాళ్లు తెల్లారే లేచి, బోనాలు పోయే దారంతా ఊడ్చి, పేడ నీళ్లు చల్లారు. ఆ చల్లడాన్నే సాంపి అంటాం. దారంతా పచ్చగా, తడిగా, ముగ్గులు వేసి ఉంది. ఆ దారే మా రోడ్డు. మొదటి ఇల్లు దాటేటప్పుడు చక్రం బండరాయి ఎక్కి దిగింది. డబ్బా ఊగింది. నాని ఉన్న పుట్ట లోపల కూలింది. నేను వెనక తలుపు దగ్గర కూర్చుని ఉన్నాను. ముందు గుడ్డ పడిపోవడం చూశాను, తర్వాత అంతా. అరిచాను. రోలరు చప్పుడులో ఆయనకు వినపడదు. దిగి ముందుకు పరుగెత్తి చెయ్యి ఊపేసరికి ఊరి నడుమ చావడి దాకా వచ్చాం. వెనక ముగ్గుల మీద మొత్తం గీత గీసినట్టు పడి ఉంది.

ఎవరూ కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆడవాళ్లు తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఒక ముసలమ్మ, చేతికి ఇంకా పేడ ఉంది, దగ్గరికి వచ్చి మా ఆయనను అడిగింది. "ఏం పాపం చేసినం బిడ్డా నీకు? అమ్మ తొవ్వల మైల పోస్తివి."

ఆయన డబ్బా కిందికి దూరాడు. నేను మెట్టు పక్కన నిలబడి ఉన్నాను, నాకు కనిపిస్తూనే ఉంది. పిడికి దారం వేలాడుతోంది. ఎంత మైల అంటినా పసుపు పసుపే, తెలుస్తుంది. ఆయన దాన్ని చూశాడు. వేళ్లతో పట్టుకుని చూశాడు. పసుపు దారం ఆడమనిషి ఎందుకు కడుతుందో తెలియని మగవాడు మా ఊళ్లలో ఉండడు. నా వైపు తిరగలేదు. మెల్లగా ముడి విప్పి, దాన్ని అలాగే అంగీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చేత్తోనే టోంటి మూతి శుభ్రం చేసి తిప్పి మూశాడు.

ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు. "ఎవలు ఇప్పిన్రు?"

"నేనే సార్. పొద్దుగాల ఖాళీ చేసిన. బంద్ చేసుడు మర్సిన."

"నువ్వు మర్సినవా? బాయిలర్ల నీళ్లు రెండు వేళ్లు తగ్గితే నిద్రల లేసెటోడివి. నువ్వు మర్సినవా సాయిలు?"

"మర్సిన సార్."

ఓవర్సీరు నన్ను చూశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాను. వాసనకు పెట్టుకున్నాననుకుని ఉంటాడు. ఆ కొంగు తీసి ఒక్క మాట అంటే సరిపోయేది. చుట్టూ ఊరి ఆడవాళ్లు, రోడ్డు పని మగవాళ్లు. పిల్లల కోసం మైలతొట్టికి దారం కట్టానని వాళ్లందరి ముందు ఎలా చెప్పను. చెప్పలేదు. "రేపటి బస్సుకు ఆమె పోతది" అన్నాడు ఓవర్సీరు. అతను మాట తప్పే మనిషి కాదు.

మా ఆయన పారతో దారంతా గీకి ఎత్తిపోశాడు. నన్ను ముట్టనివ్వలేదు. కొత్త మొరం పరిచి, నీళ్లు చల్లి, గుండుతో మూడుసార్లు తొక్కించాడు. ఆ ఆడవాళ్లు మళ్లీ సాంపి చల్లారు, మళ్లీ ముగ్గులు వేశారు. మధ్యాహ్నం బోనాలు పోయాయి. ఆ మొరం కింద ఏముందో ఆయనకూ నాకూ తెలుసు.

మర్నాడు బస్సు దగ్గర రొట్టెలు మూట కట్టి ఇచ్చాడు. "పోయినంక ఎవలతోనన్న కార్డు రాయించు" అన్నాడు. ఏమని రాయించను. రాసేవాడికి ముందు చెప్పాలి కదా. క్షేమమని రాయించాను. ఆయనా క్షేమమని రాయించాడు. రెండేళ్లు అలాగే క్షేమంగా ఉన్నాం, ఆయన ఆ డబ్బాలో ఒక్కడే, నేను కేతేపల్లిలో పదిమందిలో ఒక్కదాన్నే. రోడ్డు పనివాళ్ల నోట కథ మాకంటే ముందే ఊరు చేరింది. టోంటి సాయిలు అన్నారు. అత్త అడిగింది, "గంత సోయి లేకుంట ఎట్ల ఉంటడే వాడు?" నేను పొయ్యి ఊదుతున్నాను. ఊదుతూనే ఉన్నాను.

మాకు పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే ఇప్పుడు ఇదంతా చెప్పేదాన్నో కాదో. నీళ్లోసుకోవాలని టోంటి విప్పితే, నీళ్లోసుకునే ఈడులో రెండేళ్లు ఆ టోంటిలో నుంచే కారిపోయాయి. తర్వాత ఆయనకు ఒకచోట ఉండే కొలువు వచ్చింది, నల్లగొండలో ఇల్లు కిరాయికి తీసుకున్నాం. ఆయన దారం గురించి ఒక్కనాడూ అడగలేదు. నేను చెప్పబోయి ఆగిన రోజులు ఎన్నో. ఒకసారి గిన్నెలు కడుగుతూ "గప్పుడు గా ఊర్ల" అని మొదలుపెట్టాను. "గదెందుకు ఇప్పుడు, చాయ పొయ్యి" అన్నాడు. పోశాను. ఆయన నా మీద దయతో ఆ మాటను మూసిపెట్టాడు. నేను హాయిగా ఉందని మూసిపెట్టాను. రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు మా ఇంట్లోనూ వంటగదికీ పాయిఖానాకూ నడుమ నాలుగడుగులే. అందరి ఇళ్లలోనూ అంతే. అందరి కాళ్ల కింద తొట్లున్నాయి. నిండితే గొట్టమున్న లారీ వచ్చి గుంజుకుపోతుంది. అది వచ్చిన రోజు గల్లీలో అందరూ కిటికీలు మూసుకుంటారు, నేను బయట నిలబడి చూస్తాను. "జరగు పెద్దమ్మా, వాసనొస్తది" అంటాడు లారీ అతను. అతనికి నీళ్లు ఇస్తాను. తాగుతాడు. ఈ కాలంలో నా చేతి నీళ్లు తాగడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. వచ్చేవాళ్లే లేరు. ఆ డబ్బాలో ఒంటరితనానికి ఫర్లాంగు దూరంలో ఒక చప్పుడైనా ఉండేది. అది ఆగితే బీడీ అనుకునేదాన్ని.

సువర్ణా, ఇక్కడికి చాలు. ఎవరినీ తిట్టినట్టు లేదు కదా, మా ఆడబిడ్డ కొడుకును కూడా. వాడికి తెలియక నవ్వాడు, తెలిసినదాన్ని నేను ఊరుకున్నాను. మాసికం నాడు వాళ్లంతా అన్నానికి లేవకముందే చదువు. నేను లోపలికి పోను, అక్కడే కూర్చుంటాను. కూర్చోగలనో లేదో ఇప్పుడే తెలుసుకోవాలి.

"మొదటికెళ్లి చదువు బిడ్డా. పెద్దగ చదువు. నేను తలకాయ దించుకున్న కాడ ఆగు, ఆడికెళ్లి మల్లొక్కపారి చదువు."